పచ్చి రాయి

మా తాతకు మార్కాపురం చుట్టూ ఏడు పలకల గనులుండేవి. నా కాలేజీ చదువు ముగిసేనాటికి ఒక్కటి మిగిలింది. రాష్ట్రం ఏర్పడిన కొత్తరోజులవి. మా తాలూకా కాగితాలన్నీ ఇంకా కర్నూలు జిల్లా కచేరీకే పోయేవి. బజారు వ్యాపారికి మేం పడ్డ అప్పు కింద, బడులు తెరిచేలోగా మూడు బండ్ల పలకలు అందించకపోతే ఆ ఒక్క గనీ ఆయనకే వదిలేస్తానని నాయన మాటిచ్చినాడు. మా ఇంట్లో మాటంటే మాటే. ఆ పని నా మీద పడింది.

నేను చదివింది రసాయనశాస్త్రం. వజ్రంలో ఒక్కో కార్బన్ పరమాణువు నాలుగు దిక్కుల నాలుగింటిని పట్టుకుంటుంది, అందుకే అంత గట్టిది. పెన్సిల్లో నల్లగా ఉండేదీ అదే కార్బన్. కానీ అక్కడ పొరలో పట్టు గట్టిది, పొరకూ పొరకూ మధ్య పట్టు వదులు. అందుకే కాగితం మీద రాలిపోతుంది. మా పలకరాయిలోనూ సన్నని రేకులు ఒకే వాటాన పడుకొని ఉంటాయి. అంచున ఉలి పెట్టి తడితే పొరగా విడిపోతుంది. ఇదంతా తెలిసినవాణ్ణి గనుక గని నాకొక లెక్క కాదనుకున్నాను.

తాత కాలం నుంచి రాయి చీల్చే ముసలాయన ఒకాయన మా దగ్గరే ఉండేవాడు. మామా అని పిలిచేవాణ్ణి. తవ్విన దిమ్మెల మీద తడి గోతాలు కప్పించేవాడు, రాయి పచ్చిగా ఉండాలనేవాడు. ఆ నీళ్ళు పక్క చేను బావి నుంచి తేవాలి. ఆ చేను రైతు ఒకప్పుడు మా పాలేరు. రోజూ అతణ్ణి అడగడం నాకు నామోషీ.

"ఉడికే కూరకు పచ్చి, ఎండు ఉంటాయి గానీ రాయికేంది మామా?" అన్నాను. నీళ్ళు ఆపించాను. నా నామోషీకి చదువు గొడుగు పట్టింది.

"నీ ఇష్టం చిన్నయ్యా. రాయి నీ మాట వింటదేమో చూద్దాం," అన్నాడు.

రాయి వినలేదు. వారం ఎండకే దిమ్మెలు బిగుసుకున్నాయి. ఉలి పెడితే పొర సగం దాకా వచ్చి అప్పడంలా విరిగేది. మళ్ళీ తడిపినా లాభం లేకపోయింది. సంగతి తెలిసి వ్యాపారి వచ్చినాడు. ఆ ముక్కలు గోడకు పనికొస్తాయన్నాడు. నన్ను తన దుకాణంలో గుమాస్తాగా కూర్చోమన్నాడు, నీడపట్టున ఉండొచ్చట.

"గడువు ఇంకా ఇరవై రోజులుంది. అందాక గని మాది," అన్నాను.

తప్పు నాదేనని మామతో చెప్పినాను. ఆయన తిట్టలేదు. నీళ్ళెవరు తెస్తారని మాత్రం అడిగినాడు. మర్నాడు పొద్దున్నే కావడి నేనే ఎత్తుకున్నాను.

బావి దగ్గర రైతు నన్ను ఎగాదిగా చూసినాడు. "మీ ఇంటోళ్ళు మా బాయికి వచ్చినారంటే ఈ ఏడు వానలు పడతాయిలే."

"పడేదాకా రోజూ వస్తా అన్నా. తాడియ్యి."

నవ్వి ఇచ్చినాడు. దారిలో మా దాయాదుల అరుగులున్నాయి. ఫలానావారి మనవడు కావడి మోస్తున్నాడని వాళ్ళు వినపడేట్టే అనుకున్నారు. అక్కడ కావాలనే మెల్లగా నడిచినాను, వాళ్ళు బాగా చూడాలని.

కొత్త దిమ్మెలు తవ్వించి, వెంటనే గోతాలు కప్పి, మామ నా చేతికే ఉలి ఇచ్చినాడు. భూమిలో ఉన్నప్పటి తేమ పొరల సందుల్లో ఉన్నంతవరకే రాయి దారిస్తుందని నాకు చేతులతో తెలిసింది. పుస్తకం అబద్ధం చెప్పలేదు. నేనే అందులో సగం చదివి రాయి మీద పెత్తనం చేయబోయినాను.

గడువు రోజున మూడో బండి కదలబోతుంటే వ్యాపారి వచ్చి ఒక పలక తీసి వేలితో మీటినాడు. కంచులా మోగింది. మామ పనితనమంటే ఇదీ అని వ్యాపారి మెచ్చుకున్నాడు.

"ఆ బండిలోవి నేను చీల్చినవి," అన్నాను. "నీళ్ళు కూడా నేనే మోసినా."

పలక బండిలో పెట్టేసి ఆయన పక్కకు జరిగినాడు. బండి తోలమన్నాను.