షుగర్ ఉందాండీ?

మా పిన్నికి కాలు ఒకచోట నిలవదు. మనసు అంతకన్నా నిలవదు. కర్టెన్లు కుట్టే షాపులో పని. కిటికీ కొలత ఒక్కసారి తీసుకుందంటే వెంట్రుకవాసి తేడా రాదు. తిండి దగ్గరకొచ్చేసరికి మాత్రం పూటకో మాట. బాబాయికి డాక్టరు షుగరని చెప్పి ఇంజక్షన్లు రాసిచ్చిన దగ్గర్నుంచీ, ఎవరేం చెప్పినా చెవి అప్పగించడమే ఆవిడ పనైంది.

ముందు పంచదార డబ్బా గుమ్మం దాటింది. ఆ ఇంట్లో దాని పేరెత్తడం కూడా మానేశారు. బెల్లం మంచిదని బెల్లం తెచ్చింది. రెండూ ఒకే తానులో ముక్కలని ఎవరో అనగానే అదీ పోయింది. తేనె వచ్చింది, పోయింది. చివరికి మందుల షాపు నుంచి తీపి చుక్కల సీసా వచ్చింది. రెండు చుక్కలకే కాఫీ తియ్యగా అయ్యేది, ఒంట్లో షుగర్ మాత్రం పెరిగేది కాదు. అది దేవుడిచ్చిన వరమని పిన్ని తెగ మురిసిపోయింది. తాళాలు బాగుచేసుకునే బాబాయి నోట్లో నాలుక లేని మనిషి. ఏది పోస్తే అది తాగేవాడు. ఆయన్ని చూస్తే నాకు జాలి, పిన్నిని చూస్తే ఒళ్లుమంట.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి సీసా బల్ల మీద ముద్దాయిలా నిలబడి ఉంది.

"ఈ చుక్కలు కూడా మంచివి కావటే! పేగులు పాడైపోతాయట. ఫోన్లో ఎవరో చెప్పారు."

"మొన్న వరమన్నావు కదా పిన్నీ?"

"మొన్న చెప్పింది ఇంకొకాయన."

"ఫోన్‌ని కాదు, మన డాక్టర్ని అడుగు."

"అడిగాను. మితంగా వాడమన్నాడు. మితమంటే ఎంత? చెప్పడే!"

బాబాయి అప్పటికే ఇంజక్షన్ చేసుకుని కంచం ముందు కూర్చున్నాడు. ఆ తర్వాత తిండి ఆలస్యం కాకూడదని పిన్నికి నాకన్నా బాగా తెలుసు. కానీ మాటకి మాట పెరిగింది. పొయ్యి వెలిగించనే లేదు.

"ఏవండీ, మీరే చెప్పండి. చుక్కలు వెయ్యనా, మాననా?" అంటూ ఆయనవైపు తిరిగింది.

బాబాయి చొక్కా చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. ఆవిణ్ణి ఎగాదిగా చూసి, చాలా మర్యాదగా, "మీరెవరండీ?" అన్నాడు.

పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ 'ఏమే' తప్ప ఆయన నోట మరో పిలుపు ఎరగదు.

"షుగర్ పడిపోయిందే! తీపి తాగించాలి!" అని చేతికందిన సీసా నీళ్లలోకి వంచి తాగించింది. ఆయన బుద్ధిగా తాగాడు. అయినా తల వాలిపోతూనే ఉంది. అప్పటికి వెలిగింది మా ఇద్దరికీ. షుగర్ పెంచదని కదా ఆ సీసా తెచ్చింది, ఇప్పుడు మాత్రం ఎలా పెంచుతుంది? ఇల్లంతా గాలిస్తే పంచదార పలుకు లేదు.

పిన్ని మెట్లెక్కి పైవాటా పంతులమ్మగారి తలుపు దబదబా బాదింది. వెనకే నేనూ.

"షుగర్ ఉందాండీ?"

"మాకా! ఎవరన్నారమ్మా? మా వంశంలోనే లేదు. మొన్ననే పరీక్ష చేయించుకుంటే..."

"మీకు కాదండీ, డబ్బాలో! పంచదార! పంచదార!"

ఆ మాట పిన్ని నోట విని ఎన్నాళ్లయిందో. కేక మెట్లన్నీ దిగి వీధిలోకి పోయింది.

పంతులమ్మగారు డబ్బాతో సహా పరుగెత్తుకొచ్చారు. నీళ్లలో కలిపి గుక్కగుక్కగా పట్టాం. కాసేపటికి ఆయన చూపు కుదురుకుంది. పెదాలు నాక్కున్నాడు.

"ఏమే," అన్నాడు. "ఇది అసలుదేనా?"

పిన్ని భోరుమంది. నాకూ ఏడుపు ఆగలేదు.

"ఇంకొంచెం పెట్టవే."

పిన్ని డబ్బాలోంచి చెంచా నిండా తీసింది. ఆయన నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయింది.

"ఎంత పెడితే నాకు దక్కుతాడు, ఎంత పెడితే పోతాడు? ఒక్కళ్లయినా తిన్నగా చెప్పరేమే!" అని నా మీద అరిచింది.

నావైపు తిరగడంలో చెంచా ఒరిగి పంచదార ఆయన చొక్కా మీద రాలింది. బాబాయి ఒక్కో పలుకూ వేలికి అద్దుకుని తింటున్నాడు.