మా పెద్దోళ్ల కాలం నాటి నీటిబొట్టు

మా అత్త నన్ను మెచ్చుకున్నది ఒక్కసారే. అది కూడా చెన్నై ఆఫీసు అధికారి ముందర, ఫోన్ తెరలో. ఆ మెచ్చుకోలు వల్లనే నేను చేసిన వస్తువు నాది కాకుండా పోయింది.

మాది నేసేవాళ్ల వీధి. కోడుమూరు దాటి వచ్చే బస్సు మా వీధి మొదట్లో ఆగుతుంది. మా ఆయన నూలు చీరలు నేస్తాడు. ఆయనకు కావలసిన కండెలు నేను చుడతాను. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్ల. దాని మీద చుట్టిన నూలే చీరలో అడ్డపోగు అవుతుంది. మగ్గం మీద కూర్చున్నవాణ్ణి నేతగాడంటారు. కండెలు చుట్టేదాన్ని ఏమీ అనరు. నేతవాళ్ల గుర్తింపు కార్డులు రాసుకోవడానికి ఒకాయన ఇంటికి వచ్చినప్పుడు మా ఆయన పేరు రాసుకుని, నా వైపు చూసి "ఈమె?" అని అడిగాడు.

"ఊరికే ఉంటాది" అని మా అత్త చెప్పింది.

అప్పుడు నా ముందర రాట్నం ఉంది. చేతిలో నూలు ఉంది. ఆయన తల ఊపి పక్కింటికి పోయాడు.

నా పుట్టిల్లు బేతంచెర్ల. అక్కడ బండలు పాలీషు పట్టే మిల్లులో నీళ్లు పోస్తూ పెరిగాను. చక్రం బండను రుద్దుతున్నంతసేపూ పక్కన నిలబడి డబ్బాతో పోస్తూ ఉండాలి. తక్కువైతే బండ మాడి మచ్చ పడుతుంది, ఎక్కువైతే తెల్ల బురద ఎగిరి కళ్లలో పడుతుంది. బడి గంట మిల్లు దాకా వినిపించేది గానీ అది మా కోసం కొట్టే గంట కాదు. నాకు అక్షరాలు వచ్చింది మనవడు పుట్టిన తర్వాత. పొదుపు సంఘం ఆడవాళ్లకు సాయంత్రాలు బడి వరండాలో నేర్పితే పోయి కూర్చున్నాను. పలక పట్టుకుని ఇంటికి వస్తుంటే మా అత్త అరుగు మీద నుంచి అనేది, "ముసిలిదానికి దసరా పండగంట."

మా వైపు ఎండాకాలం గాలికి నూలు గడ్డిపరకలా ఎండిపోయి పుటుక్కున తెగుతుంది. అందుకని కండెలను తొట్టిలో నానబెడతాం. నానితే పైన ఉబ్బుతుంది, లోపల పొడిగానే ఉంటుంది. పైనూలు నేసేటప్పుడు అంచు మరకపడుతుంది, లోనూలు వచ్చేసరికి మళ్లీ తెగుతుంది. తెగినప్పుడల్లా మా ఆయన మగ్గం మీద నుంచి నన్ను తిడతాడు. ఆయన తిట్టినప్పుడు వంటింట్లో నుంచి మా అత్త తిడుతుంది.

ఒకసారి ఆయనకు జ్వరం వచ్చి కర్నూలు పెద్దాసుపత్రిలో పడుకున్నాడు. మంచం పక్కన కూర్చుని సలైన్ సీసా చూస్తూ ఉండేదాన్ని. గొట్టం మీద చిన్న చక్రం ఉంటుంది. దాన్ని జరిపితే బొట్టు నిదానిస్తుంది. బొట్లు పడడం చూస్తుంటే నాకు మిల్లులో డబ్బా గుర్తొచ్చింది. ఊరికి తిరిగి వచ్చేటప్పుడు మందుల షాపులో కొత్త గొట్టం ఒకటి కొన్నాను.

రాట్నం పైన దూలానికి సీసా కట్టాను. బొట్టు ఒక గుడ్డముక్క మీద పడేలా, నూలు ఆ గుడ్డను రాసుకుంటూ పోయి కండెకు చుట్టుకునేలా పెట్టాను. నూలు లోపలా బయటా ఒకేలా తడిసింది. కానీ తెగిన పోగు ముడి వేయడానికి రాట్నం ఆపితే బొట్టు ఆగదు. గుడ్డ నిండిపోయి నూలు ముద్దయ్యేది. ఒక చెయ్యి రాట్నానికి, ఒక చెయ్యి నూలుకు. గొట్టం నొక్కడానికి మూడో చెయ్యి లేదు.

ఆ ఎండాకాలమంతా దాంతోనే గడిచింది. చివరికి పాత గొడుగు కమ్మి ఒకటి పనికొచ్చింది. కమ్మి ఒక కొసకు నా చేతి గాజు కట్టి, నూలును ఆ గాజులో నుంచి పోనిచ్చాను. రెండో కొస గొట్టాన్ని నొక్కిపట్టి ఉంటుంది. రాట్నం తిరిగితే నూలు బిగిసి గాజును కిందికి లాగుతుంది, అవతలి కొస లేచి గొట్టం వదులవుతుంది. రాట్నం ఆగితే రబ్బరు బ్యాండు కమ్మిని వెనక్కి లాగేస్తుంది. నూలు నడిస్తే బొట్టు పడుతుంది, నూలు నిలిస్తే బొట్టు నిలుస్తుంది. దీనికోసం నా గాజులు ఎన్ని పగిలాయో, ముత్తైదువ చేతులు బోసిగా పెట్టుకుందని ఎన్ని మాటలు పడ్డానో చెప్పలేను.

"మా కోడలు నూలుకు సలైన్ ఎక్కిస్తాందమ్మా" అని మా అత్త వీధిలో చెప్పేది. "రేపు మగ్గానికి సూది కూడా వేస్తాది."

వీధంతా నవ్వింది. నవ్విన ఇళ్లవాళ్లే ఒకరొకరుగా వచ్చి చూసిపోయారు.

కర్నూలు ఇంజనీరింగ్ కాలేజీ సారు ఒకాయన మగ్గాలు చూపించడానికి పిల్లలను తీసుకొచ్చాడు. రాట్నం దగ్గర ఆగిపోయాడు. ఇది ఎవరు చేశారని అడిగితే మా ఆయన "ఇంట్లో చేసుకున్నామప్పా" అన్నాడు. నేను అన్నాను, "నేను చేసినా." నా నోటితో ఆ మాట అనడం అదే మొదలు.

పేటెంటు అనే మాట సారే చెప్పాడు. లోకంలో ఇంకెవరూ ముందు చేయనిది అయితే, ఇది ఫలానా ఆమె చేసిందని సర్కారు రాసిస్తుందన్నాడు. దానికి ముందు పరీక్ష ఉంటుందన్నాడు.

"నాకు గుణింతాలే సరిగ్గా రావు సారూ."

"పరీక్ష నీకు కాదక్కా, గొడుగు కమ్మికి" అని నవ్వాడు. మంచివాడు. కాగితాలన్నీ ఆయనే రాశాడు. చేసినవారి పేరు అని ఉన్నచోట నా పేరు రాసి చూపించాడు. ఇంగ్లీషులో ఉంది. ఏది మొదలో ఏది చివరో నాకు తెలియలేదు. వేలు పెట్టి చూపించమని అడిగాను. ఆ పేరు అక్కడ అట్లే నిలబడాలని నాకు పంతం పట్టుకుంది. చీర మీద మా ఆయన పేరు, కార్డు మీద మా ఆయన పేరు, ఇంటి మీద మా మామ పేరు. ఈ ఒక్కదాని మీద నాది ఉండాలి.

చాలాకాలానికి పరీక్ష చేసిన చెన్నై ఆఫీసువాళ్ల జవాబు వచ్చింది. రెండు అభ్యంతరాలు పెట్టారు. బొట్టు బొట్టుగా నీళ్లు వదిలే సాధనాలు ఇంతకుముందే ఉన్నాయి కదా అన్నది ఒకటి. నూలే గొట్టాన్ని తెరిచి మూయడం ఇంకెక్కడా లేదని సారు జవాబు రాశాడు. రెండోది, ఇది నేతవాళ్లలో తరాల నుంచి ఉన్న పద్ధతి అయి ఉండవచ్చు, అట్లాంటి పాత పద్ధతి మీద ఒకరికి హక్కు రాయడం కుదరదు అని. దాని గురించి మాట్లాడడానికి ఒక రోజు పెట్టారు. ఫోన్‌లోనే. పని చేస్తుండగా చూపిస్తే మంచిదని సారు మా ఇంటికే వచ్చాడు.

"అక్కా, కొత్తది అన్న మాట ఒక్కటే వదలద్దు" అని నాకు చెప్పాడు. మా ఆయనకూ చెప్పాడు. మా అత్తకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆ వస్తువు గురించి ఆమె అంతవరకు ఒక్క మంచి మాట అనలేదు, ఇప్పుడు అంటుందని ఎవరనుకుంటారు?

ఇక్కడ మా వీధి సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర కొత్తది అంటే తిట్టు. హైదరాబాదు నుంచి చీరలు కొనేవాళ్లు వస్తారు. మా ఆయన బిస్కెట్ ప్యాకెట్ మీది గీతలు చూసి పోయిన నెలలో వేసిన అంచును మా అత్త వాళ్ల ముందు పరిచి, "ఇది మా ముత్తవ్వ కట్టిన అంచు" అంటుంది. వాళ్లు ఆ చీరను కళ్లకద్దుకుని తీసుకుపోతారు. వీధిలో అందరూ అంతే. సరుకు ఎంత బాగుంటే అంత పాతదని చెప్పాలి. అది అబద్ధమని ఎవరూ అనుకోరు. మర్యాద అనుకుంటారు.

ఆ రోజు మా అత్త పెట్టెలో చీర తీసి కట్టుకుంది. తెరలో అధికారి కనిపించాడు, నెల్లూరు వైపు తెలుగు మాట్లాడుతున్నాడు. నేను రాట్నం తిప్పాను. బొట్టు పడింది. ఆపాను. ఆగింది. ఆయన ఇంకోసారి తిప్పమన్నాడు. బాగుందమ్మా అన్నాడు.

"ఇది మీరే చేశారా?"

"నేనే చేసినా సార్. కొత్తగా చేసినా."

"మీ నేతవాళ్లలో ఇంతకుముందు ఎవరైనా వాడారా?"

నేను నోరు తెరిచేలోపల నా భుజం మీదుగా మా అత్త ముందుకు వంగింది.

"కొత్తది కాదప్పా ఇది. కొత్త యేసాలు మా ఇంట్లో లేవు. మా అత్తమ్మ కాలం నుంచి ఉండాది."

"అత్తా, నువ్వుండు."

"నువ్వుండమ్మే. అంత పెద్దాయన అడుగుతాంటే చెప్పద్దా?"

సారు చెయ్యి అడ్డం పెట్టబోయాడు. అధికారి ఆపాడు. "చెప్పవ్వా. అప్పట్లో ఈ ప్లాస్టిక్ గొట్టం లేదు కదా?"

"గొట్టం లేకుంటే ముంత లేదా నాయనా? ముంత అడుగున బొక్క పెట్టి ఒత్తి దూర్చేది. గుళ్లో లింగం పైన ధారపాత్ర చూసింటావు గదా, అట్ల. దారం లాగితే ఒత్తి కదిలేది, బొట్టు పడేది."

"దారం నిలిస్తే?"

"నిలిచేది. లేకుంటే అది ఎందుకు పనికొస్తాది?"

ఆయన తల వంచి రాసుకుంటున్నాడు. మా అత్త నా తల మీద చెయ్యి పెట్టింది. "మా కోడలి చెయ్యి బంగారం నాయనా. మా ఇంటి పద్ధతి ఒక్కటి కూడా వదల్లేదు."

అట్లాంటి ముంత మా ఇంట్లో లేదు, మా వీధిలో లేదు, ఎక్కడా లేదు. నేను కాపురానికి వచ్చిన మరుసటి రోజు నుంచి తొట్టిలో కండెలు నానబెట్టించింది ఆమే. రాట్నం మీది వస్తువును కళ్ల ముందర చూస్తూ, దానికే మట్టి రూపం కట్టి చెప్పింది. పెద్దావిడ తెలియక అంటోందని కాబోలు, సారు ఇంగ్లీషులో ఏదో చెప్పుకున్నాడు. ఇంకా చెప్పుకునేది ఉంటే గడువులోగా రాసి పంపండి అని అధికారి మర్యాదగా అని, తెర నుంచి పోయాడు.

మా అత్త సారు వైపు తిరిగింది. "ఎన్ని కావాలంట?"

తెరలో ఉన్నాయన బేరానికి వచ్చినవాడనుకుంది.

సారు మంచినీళ్లు అడిగి తాగాడు. అప్పుడు నాతో అన్నాడు, "ఒక దారి ఉందక్కా. ఆ మాట నిజం కాదని అవ్వే రాయించి వేలిముద్ర వేయాలి." నేను ఎవరి చేతా రాయించలేదు. నాకొచ్చిన అక్షరాలతో నేనే తెలుగులో రాశాను. ముంత సంగతి నేను ఊరికే చెప్పాను, నా కోడలే దీన్ని చేసింది, అని. ఒక్కో మాటా కూడబలుక్కుని మా అత్తకు చదివి వినిపించాను.

"అంటే నేను అబద్ధాలకోరునని వేలు వెయ్యాలనా?"

"ఊరికే చెప్పినా అని అత్తా."

"నేనేం ఊరికే చెప్పలేదు. మా అత్త చేసేది. నువ్వు చూసినావా, చూడలేదా?"

మా అత్త అత్త నేను రాకముందే పోయింది. నేనేం చూస్తాను. అప్పటికే ఆ ముంత కథ వీధిలో నాలుగిళ్లు తిరిగింది. తిరిగిన కొద్దీ ముంతకు రంగు వచ్చింది, ఒత్తికి కొలత వచ్చింది. నిజం చెప్పాలంటే ఆమె దాన్ని నమ్మింది.

"ఆ దినం అంత పెద్దాయన ముందర నిన్ను నెత్తిన పెట్టుకుంటి గదమ్మే" అంది. "మళ్లీ దించమంటావా?"

మా ఆయన మగ్గం ఆపకుండానే అన్నాడు, "పోనియ్. ముసలామెను కాగితాల్లోకి ఎందుకు లాగుతావు? నీకు అన్నం తక్కువైందా?"

గడువు పోయింది. తర్వాత జవాబు వచ్చింది. మూడు పుటలు, అంతా ఇంగ్లీషే. సారు చదివి తెలుగులో చెప్పాడు. ఇది ఆ కుటుంబంలోనే తరతరాలుగా ఉన్నదని ఇంటి పెద్దావిడే చెప్పారు కనుక ఇవ్వలేము అని. నా పేరు ఎక్కడైనా ఉందా అని అడిగాను. పైన ఉందక్కా, అడిగినవారి పేరు అని. చేసినవారు అని కాదు.

ఎవరిదీ కానిది అందరిదీ అయింది. పత్తికొండ రోడ్డులో వర్క్‌షాపు ఉన్న ఒకాయన దాన్ని ప్లాస్టిక్‌లో పోయించి అమ్ముతున్నాడు. గొడుగు కమ్మికి బదులు స్ప్రింగు, గాజుకు బదులు తెల్లటి రింగు. మొన్న మా ఆయన ఒకటి కొనుక్కొచ్చాడు. నాది పాతబడిందట.

మా అత్త అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. పెట్టె మీద ముంత బొమ్మ ఉంది.

"చూసినావా, నేను చెప్పిన ముంతే. ఏమని అచ్చేసినారు? చదువు."

తెలుగులోనే ఉంది. తడబడకుండా చదివాను. "మన పెద్దల కాలం నాటి పద్ధతి."

"ఇంకొకసారి చదువు" అంది.

చదివాను.

"ఎవరి పేరన్నా వేసినారా?"

పెట్టెను చుట్టూ తిప్పి చూశాను. కింద వర్క్‌షాపు పేరుంది.

"లేదత్తా."

"పెద్దోళ్లకు పేర్లెందుకులే" అని పెట్టెను గూట్లో దేవుడి పటాల పక్కన పెట్టించింది. మగ్గం మీద నుంచి మా ఆయన కండెలని కేక వేశాడు. దూలానికి ఉన్న నా సీసాలో నీళ్లు నింపి, రాట్నం ముందర కూర్చున్నాను.