మంచులో తీసిన ముసుగు

ఆ చలి ఉదయం పెదబయలు బస్సులో అందరూ కళ్లు మాత్రమే కనబడేలా తువ్వాళ్లు చుట్టుకుని కూర్చున్నారు. నేను పనిచేసే లైబ్రరీ నుంచి తెచ్చుకున్న బొమ్మల నవల చదువుతున్నాను. ముఖానికి గుడ్డ కట్టుకున్న మనిషి ఒక నియంత మీద తిరగబడే కథ అది. పక్క సీటులో ఉన్న గిరిజన మహిళ పేజీ మీదికి వంగింది.

"ఈడు దొంగేటి బాబూ?"

"కాదమ్మా, దుర్మార్గుడైన పాలకుణ్ణి ఎదిరించేవాడు. పుస్తకం చివర్లో ఇతనొక్కడే మిగులుతాడు. దీన్నే సినిమాగా తీసి, ముగింపులో ఊరంతా గుడ్డలు కట్టుకుని వచ్చినట్టు మార్చేశారు. నన్నడిగితే పుస్తకమే గొప్ప."

"మొకాలు కప్పీసుకుంటే ఎవులొచ్చినారో ఎలా తెలుస్తాది? కిందటి గ్రామసభకి మేం ఎల్నేదు. అయినా మా కొండ తవ్వకాలకి ఇచ్చీడానికి ఒప్పుకున్నామని ఎవులో మా పేర్లు రాసీసినారు. ఈయేల మళ్లీ సభ."

బస్సు ఆగింది. ఆమె మంచులోకి దిగి, తలకున్న తువ్వాలు విప్పి నడుముకి బిగించుకుంది.

"తీయండర్రా! మన మొకాలు ఆఫీసర్లు సూడాల!"

వెనకాల దిగిన ఆమె ఊరివాళ్లంతా వణుకుతూనే తువ్వాళ్లు విప్పారు.

ఇప్పుడు మా లైబ్రరీలో ఎవరైనా ఆ నవల గురించి అడిగితే, దానికి మూడు ముగింపులున్నాయని చెబుతాను.