గడ్డకట్టని కొబ్బరినూనె

సహోదరులారా, నా జీవితంలో అన్నిటికన్నా గాఢమైన చీకటిని నేను సూర్యుడు అస్తమించని చోట చూశాను! దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న మంచు ఖండం అంటార్కిటికాలోని పరిశోధన కేంద్రానికి సరుకులనూ శాస్త్రవేత్తలనూ చేరవేసే ఓడలో పనిచేసేవాణ్ణి. కింద మంచు మీద నిలబడ్డ మనిషి క్రేను నడిపేవాడికి కనబడడు కాబట్టి, ఓడ అంచున నిలబడి 'దించు', 'ఆపు' అని చేత్తో సైగ చేయడం నా పని. కంకిపాడు సంఘంలో పాటలు నడిపించే నేనే, ఓడలో మద్యం నిషేధమని తెలిసీ, కొబ్బరినూనె సీసాలో వోడ్కా నింపి తీసుకెళ్ళి రోజూ తాగాను.

మంచు మీద కొక్కేలు విప్పే కరీముల్లా గారు విజయవాడ మనిషి. ఒక ఉదయం తలకు రాసుకోవడానికని నా సీసా అందుకున్నారు.

"నాది రాయైపోయింది తమ్ముడూ, నీదేంటయ్యా కాలవలా పారుతోంది!" అని నవ్వుతూ అరచేతిలో పోసుకున్నారు. వాసన తగిలింది, నవ్వు ఆగిపోయింది. "నీ చేతిని నమ్మే కదయ్యా నేను ఆ బరువు కిందికెళ్ళేది?"

"బైబిలు మీద ఒట్టు భాయ్, ఇవాళ ముట్టుకోలేదు" అన్నాను. అప్పటికే తాగి ఉన్నాను! బైబిలు మాట విని ఆయన నమ్మి దిగిపోయారు.

గంట తిరక్కముందే, ఆయన ఎక్కడున్నారో చూడకుండా 'దించు' అని చెయ్యి ఊపాను. అంత పెద్ద సరుకుల పెట్టె ఆయన నిలబడ్డ చోటే దిగింది, మంచు పొగలా లేచింది, మనిషి లేడు! ఊపిన చెయ్యి కిందికి రాలేదు. "ప్రభువా, నీ గ్రంథం మీద అబద్ధమాడాను, ఆయన్ని బతికించు" అంటూ ఓడ అంచు మీదుగా వంగి అరిచాను. అంతలో పెట్టె వెనక నుంచి కరీముల్లా గారు నడిచి వచ్చారు! చేతి తొడుగు గాలికి ఎగిరిపోతే దానికోసం నాలుగడుగులు పక్కకు వెళ్ళారట. నాలుగే అడుగులు, సహోదరులారా!

ఆ క్షణమే కెప్టెను దగ్గర ఒప్పుకున్నాను. నన్ను సైగల పని నుంచి తీసేశారు, అది న్యాయమే. తాగుడు మానేసి ఒళ్ళు వణికిన రోజుల్లో నాకు గంజి తాగించింది కరీముల్లా గారే. ఆనాటి నుంచి ప్రభువు నన్ను చుక్క ముట్టనివ్వలేదు, మహిమంతా ఆయనదే!

తిరిగొచ్చాక విజయవాడలో వాళ్ళింటికి వెళ్ళి, ఆయన భార్యకు అంతా చెప్పాను. ఆమె మొహం తిప్పుకుని లోపలికెళ్ళి, కంచం తెచ్చి పెట్టారు. "కూర్చోండి, అన్నం తిని వెళ్ళండి" అన్నారు. ఆ అన్నం తింటూ ఎంత ఏడ్చానో!

మీలో ఎవరైనా నాలాగా దాస్తుంటే, ఈరోజే దేవుని ముందు, మీవల్ల నష్టపోబోయే ఆ మనిషి ముందు ఒప్పుకోండి. ప్రభువు తోసివేయడు. నన్నే తోసివేయలేదు!