మిట్టమధ్యాహ్నం చూసిన చెరకు

డిగ్రీలో బోటనీ చదివిన కూతురు ఇంట్లో ఉంటే ఎంత ప్రమాదమో మా నాన్నకు ఆలస్యంగా తెలిసింది.

ఎనభైల మొదట్లో మాట. నాన్న నర్సీపట్నంలో గుమాస్తా. మాకవరపాలెం వైపు ఒక ఊళ్లో ఆయన పేర ఉన్న ఎకరంన్నర చేనును మా మేనత్త, అంటే ఆయన అక్క, సాగు చేసేది. మామయ్య పోయాక ఆమెకు పనీ, కాలక్షేపమూ, పోట్లాడ్డానికి తోడూ అన్నీ ఆ చేనే. నేను వెళ్లినప్పుడు మాత్రం కాసేపు నాతో పోట్లాడేది.

ఆ ఏడు చేలో ఉన్నది కార్శి చెరకు. కొత్తగా నాటింది కాదు, నరికిన మోళ్ల నుంచి మళ్లీ మొలిచింది. అది నడుమెత్తు వచ్చేసరికి వాన మొహం చాటేసింది, బావి అడుగంటింది. రోహిణి కార్తె ఎండ ఎలా ఉందంటే మా డాబా మీద పొద్దున పెట్టిన వడియాలు మధ్యాహ్నం భోజనంలోకి వేయించుకునేవాళ్లం. నాన్నకు భయం పట్టింది. ఎలాగూ ఎండిపోయే చెరకే అయితే ఇప్పుడే దున్నేసి తొలకరికి చోడి, అంటే రాగి, వేసుకోవచ్చని ఆయన ఆలోచన. సోమవారానికి నాగళ్లు కూడా మాట్లాడేశారు.

"చదివిన దానివి కదమ్మా, ఓసారి చూసిరా. పోయిందని నువ్వంటే దున్నించేద్దాం," అన్నారు.

ఇరవై రెండేళ్ల పిల్లకు అంతటి అధికారం ఎవరిస్తారు? ఆదివారం గొడుగు పట్టుకుని బస్సెక్కాను. అది నన్ను ఆ ఊళ్లో దింపేసరికి సరిగ్గా పన్నెండు.

చేను చూడగానే తీర్పు నోటి చివరికి వచ్చేసింది. ఆకులన్నీ అల్లిక సూదుల్లా గుండ్రంగా చుట్టుకుపోయి ఆకాశంలోకి గుచ్చుకున్నట్టున్నాయి. కింది ఆకులు ఎండి వేలాడుతున్నాయి. పైగా వరసల మధ్య చీలమండలు మునిగేంత ఎండుటాకు.

"ఏంటత్తా ఈ చెత్త? తీయించే ఓపిక కూడా లేదా?"

"నేలకి ఎండ తగలకుండా కప్పినాను. నువ్వు గొడుగేసుకొచ్చినావు కదే, నా మట్టికి అక్కర్లేదేటి?"

"మట్టి సంగతి సరే, ఆకులు చూడు. ఇది పోయింది."

"పోలేదే. ఎండకి మొకం దాసుకుంది."

"మొక్క మొహం దాచుకోవడమేమిటి? శాస్త్రం ఒప్పుకోదు."

"నీ శాస్త్రం ఏ పూట సూసిందే దీన్ని?"

"ఏ పూటైతే ఏం? చచ్చింది ఎప్పుడు చూసినా చచ్చినట్టే ఉంటుంది."

"నువ్వు పరీచ్చ పాసైపోయినావు కోడలా. నా సెరుకు ఇంకా రాస్తంది. మద్దిలో కాయితం లాక్కోకు."

నవ్వొచ్చింది గానీ నేను తగ్గలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. "దున్నేస్తే మళ్లీ ఇత్తనం సెరుకు నానెక్కడ తెత్తాను? మీ నాన్న నా మాట వినడు. నువ్వు సెప్తే వింటాడు," అంది. అయినా నేను వాదించాను. చెరకు దగ్గర మొదలుపెట్టి, ఆడపిల్లల చదువు మీదుగా, ఆమె పులుసులో ఉప్పు దాకా వాదించాను. ఆ వాదనలో మూడు గంటల బస్సు వెళ్లిపోయింది. ఇక మర్నాడు పొద్దున్నే.

తెలతెలవారుతుండగా అత్త నా కాలి వేలు పట్టి లాగింది. "లెగు. బేగి రా."

కళ్లు నులుముకుంటూ వెళ్లాను. నిన్నటి సూదులేవి? చాపలు విప్పి పరిచినట్టు ఆకులన్నీ వెడల్పుగా తెరుచుకుని ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుంటే చల్లగా, మెత్తగా తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది, సిగ్గు లేకుండా. గడ్డిజాతి ఆకు పైతట్టున నీటి బుడగల్లాంటి కణాలు వరసగా ఉంటాయి. నీరు తగ్గితే అవి ముడుచుకుంటాయి, ఆకు చుట్టుకుపోతుంది, లోపలి తేమ గాలికి పోకుండా ఆగుతుంది. రాత్రి వేరు తోడుకున్న కాస్త నీటితో మళ్లీ తెరుచుకుంటుంది. కింది ఆకుల్ని ఎండబెట్టుకోవడం కూడా తాగే నోళ్లు తగ్గించుకోవడానికే. ఈ బొమ్మనే పరీక్షలో రంగు పెన్సిళ్లతో వేసి మార్కులు కొట్టేశాను. చేలో కనిపిస్తే పోల్చుకోలేకపోయాను.

అయితే పై గట్టు వెంట ఆరు వరసలు అప్పటికీ సూదుల్లానే ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అవి చూడు! రాత్రంతా చల్లబడ్డా తెరుచుకోలేదు. అవి పోయినట్టే."

"అవీ బతుకుతాయి."

ఇంతలో నాగళ్లు వచ్చేశాయి. వెనకాలే మొదటి బస్సు దిగి నాన్న. "ఏమంటావమ్మా?" అని నన్నే అడిగారు. నోరు మూయమన్నా మూయని మా అత్త వంగి, చేతికందిన ఎండుటాకు సర్దుతూ కూర్చుంది. ఆ చేతులు అదే ఆకును అటూ ఇటూ తిప్పుతున్నాయి.

"దున్నొద్దు నాన్నా. చెరకు బతికే ఉంది. పై గట్టు ఆరు వరసలు మాత్రం నరికించేయండి."

అత్త లేచి నడుం మీద చెయ్యి వేసుకుంది. "నిన్న సచ్చిపోయిందన్నావు?"

"నిన్న మధ్యాహ్నం చూశాను."

"బస్సు పన్నెండుకొస్తే సెరుకు సచ్చిపోద్దేటి?"

నాన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నాగళ్లవాళ్లకు టీ తాగించి పంపేశారు. ఆరు వరసలూ ఎడ్లకు మేతయ్యాయి.

మృగశిర చివర్లో వానపడింది. చెరకు ఒక్కసారిగా లేచింది. పది రోజులకు పై గట్టు దగ్గర నరికిన మోళ్లలోంచి కూడా పచ్చటి పిలకలు పొడుచుకొచ్చాయి.

వాటి సంగతి తేలింది బెల్లం వండేటప్పుడు. చెరకు రసాన్ని కాచేది ఆ చెరకు పిప్పే. పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తూ అత్త మొదలుపెట్టింది. "సచ్చిపోయినదాన్ని నరికితే మొలుస్తాదేటే?"

"నేను నరికించబట్టే మొలిచింది. ఆకు చచ్చిందన్నాను గానీ, వేరు చచ్చిందన్నానా?"

"ఓలమ్మో, దీని నోరు!" అని పక్కనున్న చెరకాకు మీదికి వేడి బెల్లం తీసి, ఊది, నా నోట్లో కుక్కింది. అది కరిగేదాకా నాకు మాట్లాడే వీల్లేకపోయింది. కరిగేలోగా ఆమె చెప్పాల్సిందంతా చెప్పేసింది.