మారెక్క పెట్టిన సంతకం

కరోనాకు మూడేళ్ల ముందు సంగతి. మా మండల కేంద్రంలో ఖాళీగా పడివున్న మండల పరిషత్ పాత గోదాములో నేను ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పేవాణ్ని. మా మండలంలోనే కంబదూరు వైపున్న పల్లె నుంచి గొర్రెల కాపరి కూతురు మారెక్క రోజూ బస్సులో వచ్చేది. దెబ్బ తగిలినా కన్నార్పని మొండి పిల్ల. ఇన్నేళ్ల కోచింగ్‌లో అలాంటి పిల్ల నాకు మళ్లీ దొరకలేదు.

రెండేళ్లకు రాష్ట్ర పోటీల్లో బంగారు పతకం తెచ్చింది. జాతీయ క్యాంపు నుంచి పిలుపు వస్తుందని నేను ఎదురుచూస్తుంటే పార్టీ నుంచి వచ్చింది. మండలాధ్యక్ష పదవి మహిళలకు రిజర్వయింది, వాళ్లకు ఒక మొహం కావాలి. ఫ్లెక్సీల్లో ఆ మొహం కన్నా గ్లవ్స్ పెద్దవిగా వేశారు. మండలంలో అందరూ ‘అన్న’ అని పిలిచే పార్టీ నాయకుడు ఆమెను గెలిపించి, ఆమె తరఫున తనే మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను మాత్రం వెర్రివాడిలా సంబరపడ్డాను. మాకు రింగంటే నేలమీద సున్నపు గీతలే. ఇక తాళ్లు కట్టిన అసలైన రింగ్ వస్తుందనుకున్నాను.

తాళ్లు రాలేదు, తాళం వచ్చింది. గోదామును అన్న తమ్ముడి ఫంక్షన్ హాలుకు ఇస్తూ మండల పరిషత్ తీర్మానం చేసింది. కింద మారెక్క సంతకం. జిల్లా పోటీలకు నెల కూడా లేదు, పిల్లలు సంచులతో గేటు బయట నిలబడ్డారు.

నేరుగా ఆమె ఆఫీసుకు పోయాను. అన్న లేడు.

“ఏమ్మా, ఆ కాగితం చదివినావా?”

“చదివినా సార్.”

“చదివే పెట్టినావా? ఆ పిల్లోళ్లు యాడికి పోవల్ల?”

ఆమె తల వంచుకుంది. “అన్న పెట్టమన్నాడు, పెట్టినా. కార్నర్ చెప్పినంక ఎదురు మాట్లాడగూడదని నువ్వే గదా సార్ నేర్పిచ్చినావు?”

కార్నర్ అంటే రౌండుకూ రౌండుకూ మధ్య బాక్సర్ వచ్చి కూర్చునే మూల. అక్కడుండే కోచ్‌నూ అలాగే అంటాం. రింగులో ఉన్నవాళ్లకు ఎదుటి గ్లవ్స్ తప్ప ఏమీ కనబడవు కనుక, మేం చెప్పింది కిమ్మనకుండా చెయ్యాలని మొదటిరోజే నూరిపోస్తాం.

“ఫైనల్లో మణికట్టు వాచింది, కొట్టలేను సార్ అంటే ఏమంటివి? నోరు మూసుకోని పో అంటివి. పోయినా, గెలిచినా. ఇప్పుడూ అంతే సార్.”

ఎగతాళికి అనలేదు, నమ్మే అంది. అదే నన్ను ఎక్కువ కోసింది. ఆ రోజు నాకు పతకం కావాలి, ఆమె చెయ్యి ఏమైపోతుందో నేను ఆలోచించలేదు. ఆ మణికట్టు ఇప్పటికీ సరిగా తిరగదు.

“రద్దు చెయ్యమ్మా, నీ చేతిలోనే ఉండాది” అన్నాను.

“అన్ననడిగి చెప్తా సార్” అంది.

గోదాములో ఇప్పుడు పెళ్లిళ్లు జరుగుతున్నాయి. పిల్లల్లో సగంమంది మానేశారు. మిగిలినవాళ్లకు హైస్కూలు మైదానంలో, ఎర్ర దుమ్ములో నేర్పుతున్నాను. అన్నను తిట్టుకోవడం తేలిక, రోజూ తిట్టుకుంటాను కూడా. కానీ కాదనడం చేతగాని పిల్లను తయారుచేసి ఆయన చేతికి ఇచ్చింది నేనే. అందుకని ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు మొదటిరోజే చెబుతున్నాను: “నేను చెప్పింది తప్పనిపిస్తే నా మొహమ్మీదే చెప్పల్ల.”

“సరే సార్” అంటారు అందరూ, ఒక్క గొంతుతో.