కొంగ ముక్కు కొన

చెక్కలో చెక్క పొదిగి పువ్వులూ పిట్టలూ తీర్చడం ఆయన వృత్తి. ఆయన పొదిగిన చోట గోటితో తడిమినా అతుకు తెలిసేది కాదు. అలాంటి కుడిచెయ్యి యాభై దాటాక వణకడం మొదలుపెట్టింది. డాక్టరు మందులిచ్చాడు గాని, తగ్గిపోతుందని మాత్రం అనలేదు.

అప్పటికే ఒక బల్ల పని ఒప్పుకుని ఉన్నాడు. ముదురు పలక నడుమ తెల్లచెక్క కొంగ. పలక గిరాకీవాళ్లు ఇచ్చిందే. అలాంటిది మరొకటి దొరకదు.

బావమరిది షెడ్డులో కంప్యూటరు చెప్పినట్టు చెక్కే మెషిన్ ఉంది. "బొమ్మ నువ్వు గీయి బావా, కోత అది చూసుకుంటుంది" అన్నాడు. ఆయన ససేమిరా అన్నాడు. చివరికి భార్యే వెంటబెట్టుకుని తీసుకెళ్లింది.

చెక్కను కోసే ములుకు, అదే బిట్టు, దాని కొన చెక్కను తాకే చోటే సున్నా అని మెషిన్‌కు ముందుగా చెప్పాలి. తుక్కు చెక్కల మీద ఎంత సాధన చేసినా, స్టార్ట్ నొక్కబోయి ఆయన వేలు వెనక్కి తీసుకునేవాడు. ఉలిని ఎక్కడ ఆపాలో చేతికి తెలుస్తుంది. దీనికి ఆగడమే తెలియదు.

అసలు పలక బిగించిన రోజు భయపడినంతా అయింది. బిట్టు మార్చి పొడవాటిది బిగించి, సున్నా మళ్లీ పెట్టడం మరిచాడు. బిట్టు కీచుమంటూ పలకలోకి దిగబడింది, పొగ లేచింది. ఆయన కొయ్యబారిపోయాడు. భార్య పరుగున వచ్చి మెషిన్‌ని ఆపే ఎర్ర బటన్ మీద గుద్దింది.

"పోయింది. వాళ్లకి మొహం ఎలా చూపించను?"

బావమరిది పలకను వెనక్కి తిప్పి చూశాడు. "అవతలికి రాలేదు బావా. ఇటువైపు చెక్కుదాం. ఆ గుంట పూడ్చేస్తే అడుగునే ఉండిపోతుంది."

ఈసారి బిట్టు కింద కాగితం ముక్క పెట్టి, కొన దాన్ని పట్టిందా అని కదిపి చూసి, నమ్మకం చాలక మళ్లీ చూసి, సున్నా పెట్టాడు. కోత సాగినంతసేపూ ఆయన చెయ్యి ఎర్ర బటన్‌ని వదల్లేదు. కొంగను పొదిగే గూడు చక్కగానే తెగింది. కానీ గుండ్రటి బిట్టుకు కొంగ ముక్కు కొన అందలేదు. అక్కడ ఉలి పట్టాల్సిందే.

ఆయన వణికే చేతిని చూసుకుని, ఉలి భార్యకు అందించాడు. ఇన్నేళ్లూ పాలిష్ పట్టడమే తప్ప ఆమె ఏనాడూ ఉలి పట్టలేదు.

"కొంచెం ఎడమకి... నెమ్మది. ఊపిరి బిగబట్టకు."

"బిగబట్టింది మీరు" అంది, తలెత్తకుండానే.

ముందే కోసి ఉంచిన తెల్లచెక్క కొంగను గూట్లో పెట్టి అరచేత్తో అదిమారు. ముక్కు దగ్గర వెంట్రుకవాసి సందు మిగిలింది. గిరాకీవాళ్లు దాన్ని గమనించనేలేదు, బల్ల పట్టుకెళ్లారు. ఆయనకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే భార్య చేతికి ఉలీ, తుక్కు చెక్కా ఇచ్చి, తను మెషిన్ దగ్గరికి నడిచాడు.